ధరలు తగ్గించిన మావయ్య

ఆ అమ్మాయి అర్థశాస్త్రం చదవాలని ముచ్చటపడి చదవలేదు. కాలేజీలో చేరే రోజున వరసలో అందరికంటే వెనక నిలబడింది, అంతే. ముందున్నవాళ్ళు తమకు కావలసినవి ఏరుకుని పోగా, ఆమె వంతు వచ్చేసరికి కిటికీ వెనకాల గుమాస్తా తల కూడా ఎత్తకుండా, ఇక మిగిలింది ఇదొక్కటే, కావాలా వద్దా అన్నాడు. వెనక ఎవరూ లేకపోయినా ఎవరో తోస్తున్నట్టే అనిపించి, కావాలంది.

ఇంటికి వచ్చి సంగతి చెబితే, కుట్టుమిషను తొక్కుతున్న అమ్మ కాలు ఆపకుండానే, "అందులో ఏం నేర్పుతారే?" అని అడిగింది. ఆమెకూ తెలియదు. డబ్బు గురించి అనుకుంటా అంది. అయితే మంచిదే, ఇంట్లో దాని గురించి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు అని అమ్మ పంటితో దారం తెంపింది.

కాలేజీలో మేష్టారు రోజూ బోర్డు మీద రెండు గీతలు గీసేవాడు. ఒకటి పైనుంచి కిందికి జారేది, ఒకటి కిందినుంచి పైకి పాకేది. ఆ రెండూ కలిసిన చోట సుద్దముక్కతో చుక్క పెట్టి, చేతులు దులుపుకుని, లోకంలో ఉన్న చిక్కులన్నీ అక్కడ విడిపోయినట్టు పిల్లల వంక చూసేవాడు. ఏ వాక్యం చెప్పినా ముందు "ఇతర పరిస్థితులు యథాతథంగా ఉన్నప్పుడు" అని మొదలుపెట్టేవాడు. ఇతర పరిస్థితులు యథాతథంగా ఉన్నప్పుడు, ధర తగ్గితే కొనేవాళ్ళు పెరుగుతారు. ఇతర పరిస్థితులు యథాతథంగా ఉన్నప్పుడు, ధర పెరిగితే అమ్మేవాళ్ళు పెరుగుతారు. ఆమె వెనక బెంచీలో కూర్చుని, తమ ఇంట్లో ఇతర పరిస్థితులు ఏ రోజున యథాతథంగా ఉన్నాయా అని ఆలోచించేది. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు, ఆయన డ్యూటీ వారానికోసారి మారేది. పంపులో నీళ్ళు వచ్చే వేళ వాటి ఇష్టం. ఇక వీధి వైపు గదిలో మావయ్య ఉండేవాడు. మావయ్య ఉన్న చోట ఏదీ ఉన్నచోట ఉండదు.

ఒక సాయంత్రం అమ్మ, రేపు పెందలాడే వస్తావా అని అడిగితే, నోట్లో నానుతున్న మాట కాబట్టి, ఇతర పరిస్థితులు యథాతథంగా ఉంటే వస్తాను అంది. అది మావయ్య చెవిన పడింది. మావయ్య చెవిన పడ్డ మాట వీధిలో పడ్డట్టే. ఆ మర్నాటినుంచి ఆమె పేరు యథాతథం. పాలు పోసే మనిషి కూడా, "యథాతథం గారూ, గిన్నె పట్రండి" అనడం మొదలుపెట్టాడు.

మావయ్య అంటే అమ్మకు సొంత తమ్ముడు. వాళ్ళ వీధి పోయి కలిసే బజారులో ఆయనకు ప్లాస్టిక్ బకెట్ల కొట్టు ఉంది. బకెట్లు, మగ్గులు, చీపుళ్ళు, స్టూళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుంటే మాట్లాడే వంతు పంచుకోవాలి కదా అని అమ్మ అనేది. ఆయన దగ్గర మగ్గు కొన్నవాళ్ళు ఆ మగ్గుతోపాటు వీళ్ళ ఇంటి సంగతులన్నీ మోసుకుపోయేవాళ్ళు: బావగారి మోకాలి నొప్పి ఎలా ఉందో, అక్కయ్యకు ఎవరి బట్టలు కుట్టడం ఇష్టం లేదో, మేనకోడలికి ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు తగ్గాయో.

చదువు సాగుతున్నంత కాలం చుట్టాలు ఆమెను వదల్లేదు. బంగారం ఇప్పుడు కొనమంటావా, ఆగమంటావా? స్థలం అమ్మేస్తే నయమా? ఆమె ఎంతో ఆలోచించి, పెరగవచ్చు, తగ్గనూ వచ్చు అని చెప్పేది. దీనికి మూడేళ్ళు చదవాలా అని వాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

చదువైపోయింది. ఉద్యోగం రాలేదు. అప్పుడు మావయ్య ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక తీర్పు చెప్పాడు. ఏడాది చూద్దాం. ఈలోగా ఉద్యోగం వచ్చి నిలబడితే సరే. లేదంటే వచ్చి తన కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి. అమ్మకు ఇది వరంలా తోచింది. నీడపట్టున పని, కళ్ళెదుట మనిషి. నాన్నా సరేనన్నాడు.

ఆమెకు మాత్రం వరంలా తోచలేదు. అంతకుముందు ఒకసారి మావయ్యకు జ్వరం వచ్చి తగ్గుతున్న రోజుల్లో ఆమె ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. మావయ్య పక్కనే కుర్చీలో దుప్పటి కప్పుకుని, వచ్చినవాళ్ళందరికీ ఆమెను చూపించి, "మా మేనకోడలు. అర్థశాస్త్రం. ఇంకా ఏదీ కుదరలేదు పాపం" అని చెప్పేవాడు. బకెట్టు కొనడానికి వచ్చినవాళ్ళు బకెట్టును ఒకసారి, ఆమెను ఒకసారి తిప్పి తిప్పి చూసి జాలిపడి వెళ్ళేవాళ్ళు. ఆమె అసలే నలుగురిలో నోరు విప్పలేని మనిషి. ఆ కొట్లో కూర్చుంటే జీవితాంతం నోరు విప్పే పనే ఉండదు, అన్నీ మావయ్యే చెప్పేస్తాడు. అలా ఉండిపోవడం కంటే ఏ పనైనా నయమనిపించింది.

ఏడాది సగమైనా కాకముందే ధరల ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. అలాంటి ఆఫీసు ఒకటుందని వీధిలో ఎవరికీ తెలియదు. ఒక మందుల కొట్టు మీద మేడ, ఎక్కితే కిర్రుమనే మెట్లు, పైన నాలుగు బల్లలు, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాను. పని చెప్పుకోవడానికి చిన్నదే. ప్రతి నెలా బజారుకు వెళ్ళాలి. అవే కొట్లు, అవే సరుకులు, అదే రకం, అదే తూకం. ధర తెలుసుకుని రాసుకోవాలి. కొనకూడదు, బేరమాడకూడదు. ఇలా అన్ని ఊళ్ళనుంచి వచ్చిన అంకెలను పై ఆఫీసులో కలిపి, ఈ నెల ధరలు ఇంత పెరిగాయని ఒక అంకె తేలుస్తారు. అదే వార్తల్లో చదువుతారు. ఆ అంకెలో ఒక వెంట్రుకంత ముక్క ఆమెది.

ఇంకో నియమం కూడా ఉంది. కొట్టువాడు నోటితో చెప్పిన ధర ధర కాదు. కొనేవాళ్ళు చేతికిచ్చి సరుకు పట్టుకుపోయినదే ధర. అందుకని కాసేపు పక్కన నిలబడి చూడాలి.

ఈ నియమం చదవగానే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. చిన్నప్పటినుంచీ ఆమె చేస్తున్నది అదే, ఒక మూల నిలబడి చూడటం. దానికి జీతం ఇస్తారని కాలేజీలో మేష్టారు కూడా చెప్పలేదు. కొన్నాళ్ళలోనే బజారంతా ఆమెకు కరతలామలకమైంది. కిరాణా కొట్టాయన తూకం వేసేటప్పుడు ముల్లు నిలిచేదాకా ఊపిరి కూడా పీల్చడు, అందుకే ఆయన్ను అందరూ నిదానం అంటారు. పంచదార ధర పెరిగిన రోజున ఆయన ఇంకా నిదానంగా తూస్తాడు. కూరలమ్మే ఆవిడను అందరూ కూరలక్క అంటారు. ఆవిడ ధర చెప్పే ముందు వచ్చినవాళ్ళ చెప్పుల వంక చూస్తుంది. కొత్త చెప్పులైతే టమాటాలు ప్రియం. చెప్పుల కొట్టువాడు మాత్రం మొహం చూసి చెబుతాడు. ఆమె అన్నీ చూసి, చివరికి చేతులు మారినదే రాసుకునేది.

వచ్చిన చిక్కల్లా వీధి జనంతో. ఆ పిల్ల కాగితం పట్టుకుని బజారుకు వెళ్ళడం, తర్వాత నూనె ధర పెరగడం వాళ్ళు గమనించారు. మళ్ళీ వెళ్ళింది, సబ్బు పెరిగింది. ఇక చెప్పేదేముంది, ధరలు పెంచేది ఈ అమ్మాయే అని తేల్చుకున్నారు. చదివింది కూడా అదేనట కదా అనుకున్నారు. ఎదురింటావిడ ఒకరోజు గుమ్మంలో ఆపి, మా ఇంట్లో శుభకార్యం ఉందమ్మా, అది అయ్యేదాకా పంచదార జోలికి పోకు అని గడ్డం పట్టుకుని బతిమాలింది. నేను పెంచనండీ, పెరిగింది రాస్తానంతే అని ఆమె ఎంత చెప్పినా, ఆవిడ కన్నుగీటి, నాకు తెలుసులేమ్మా, పై నుంచి ఒత్తిళ్ళుంటాయి అంది.

మావయ్యకు వేరే బాధ. చుట్టాల కొట్లో ధరలు రాసుకోకూడదని నియమం. ఆమె ఆయన కొట్టు ముందునుంచే వెళ్ళేది గాని లోపలికి అడుగుపెట్టేది కాదు. "నావి బకెట్లు కావా? అందులో నీళ్ళు నిలవవా?" అని ఆయన అన్నం దగ్గర కూడా సాధించేవాడు.

ఆ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆరు నెలలయ్యాక తనిఖీ ఉంటుందని మొదటే చెప్పారు. ఆమె ధరలు రాసి ఇచ్చిన కొద్ది రోజులకే ఆఫీసు పెద్దసారు తానే వచ్చి, అవే కొట్లలో అవే సరుకుల ధరలు అడుగుతాడు. ఆమె వెంట ఉండాలి, కాని కొట్లో నోరు విప్పకూడదు. ఆయన విన్నవీ ఆమె రాసినవీ కలిస్తే ఉద్యోగం ఖాయం. కలవకపోతే ఆమె కాగితం ముట్టే పనిలేదు. అంటే గల్లాపెట్టే.

రేపు తనిఖీ అనగా సాయంత్రం ఆమె ఆ సంగతి ఇంట్లో చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. మావయ్య చెయ్యి కడుక్కోవడం కూడా మరచిపోయి వింటూ కూర్చున్నాడు.

"ఈ నెల ధరలు పెరిగాయా?" అని అడిగాడు.

"పెరిగాయి మావయ్యా. అన్నీ కొంచెం కొంచెం."

"పోయిన నెల కంటే?"

"అవును."

మావయ్య అమ్మ వంక చూశాడు. అమ్మ నాన్న వంక చూసింది. పెద్ద ఆఫీసరు వచ్చి, ఈ అమ్మాయి చేతికి బజారు అప్పజెబితే ధరలన్నీ పెంచేసిందే అనుకుంటే ఎలా అన్నది ఆ చూపుల అర్థం. ఆమెకు అది తట్టలేదు. మావయ్య అంతసేపు మాట్లాడకుండా ఉన్నందుకు ఆశ్చర్యపడింది గాని, ఎందుకు ఉన్నాడో ఆలోచించలేదు. ఆయన చెప్పులేసుకుని, ఇప్పుడే వస్తానని బజారు వైపు వెళ్ళాడు. గల్లాపెట్టె దగ్గర ఆమె కూర్చోవాలని ఆయనకు ఉన్నమాట నిజమే. కాని మేనకోడలు నలుగురిలో మాట పడి వచ్చి కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు.

మర్నాడు పెద్దసారు వచ్చాడు. గుడ్డ సంచీ, కళ్ళద్దాలు, చొక్కా జేబులో రెండు పెన్నులు. నవ్వు మొహం కాదు, అలాగని కోపం మొహమూ కాదు. కొట్టు గుమ్మం దాటాక నీ నోరు నీది కాదు, గుర్తుంది కదా అన్నాడు. ఆమె అప్పుడే నోరు మూసేసుకుని తల ఊపింది.

మొదట నిదానం కొట్టు. పెద్దసారు పంచదార ధర అడిగాడు. నిదానం ఆయన వెనక నిలబడ్డ ఆమెను చూసి, చాలా నిదానంగా ఒక కన్ను మూసి తెరిచి, ధర చెప్పాడు. అది పోయిన నెల ధర. ఆమె ఉలిక్కిపడింది. నూనె అడిగాడు. అదీ పోయిన నెలదే. సబ్బూ అంతే. ఆమె కళ్ళతో వద్దు వద్దని సైగ చేసింది. నిదానం అది కృతజ్ఞత అనుకుని, పరవాలేదులే అన్నట్టు చెయ్యి ఊపాడు.

అప్పుడే పంచదార కట్టించుకుని మెట్టు దిగుతున్న ఒకావిడ వెనక్కి తిరిగింది. నా దగ్గర ఎక్కువ పుచ్చుకున్నావే అని అడిగింది. పెద్దసారు కళ్ళద్దాలు సవరించుకుని నిదానం వంక చూశాడు. నిదానం జన్మలో మొదటిసారి గబగబా మాట్లాడాడు. పొరపాటైంది తల్లీ, మీది ఇటివ్వండి అని తేడా తిరిగి ఇచ్చేశాడు. ఆవిడ తేడా కొంగున ముడేసుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఇంకో ఐదు కిలోలు కట్టు" అంది.

ఇక చూడాలి. ఆవిడ వీధిలోకి వెళ్ళి ఎవరితో ఏం చెప్పిందోగాని, పెద్దసారూ ఆమే కూరలక్క దగ్గరికి చేరేసరికి వాళ్ళ వెనక ఒక చిన్న గుంపు తయారైంది. అందరి చేతుల్లో సంచులు. పెద్దసారు ఉల్లిపాయల ధర అడిగాడు. కూరలక్క గుంపును చూసింది, గుటక వేసింది, పోయిన నెల ధర చెప్పింది. చెప్పిన మరుక్షణం పదిమంది బుట్ట మీద పడ్డారు. ఆ తొక్కిసలాటలో కూరలక్క ఆమె చెవి దగ్గరికి వంగి గొణిగింది. "మీ మావయ్య మాట కాదనలేక చెప్పానమ్మాయ్. ఈ రోజు నా పని అయిపోయింది."

ఆమెకు విషయం అప్పుడు అర్థమైంది. అరుద్దామంటే నోరు తనది కాదు.

చెప్పుల కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి బజారు సగం వాళ్ళ వెంటే ఉంది. పెద్దసారు ఎక్కడ ఆగి ఏది అడిగితే అది చవకవుతోందని ఊరంతా పాకిపోయింది. ఒక ముసలాయన పెద్దసారు మోచెయ్యి పట్టుకుని, బాబూ, గొడుగులు కూడా ఒకసారి అడుగు బాబూ అన్నాడు. చెప్పుల కొట్టువాడు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి, పాత ధర చెప్పాడు. జనం ఆ చేతుల కిందినుంచే లోపలికి దూరారు. ధర తగ్గితే కొనేవాళ్ళు పెరుగుతారని ఆమె పరీక్షల్లో చాలాసార్లు రాసింది. ఇలా పెరుగుతారనీ, మోచేతులతో పొడుస్తారనీ పుస్తకంలో లేదు.

పెద్దసారు కాగితం మడిచి, ఆమెను పక్కసందులో టీ దుకాణం బల్ల దగ్గరికి తీసుకువెళ్ళాడు. కూర్చోమన్నాడు. ఆయన గొంతు మెత్తగా ఉంది, అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది.

"నువ్వు రాసినవన్నీ ఎక్కువే ఉన్నాయి. నేను విన్నవి పోయిన నెల అంకెలతో అచ్చంగా కలుస్తున్నాయి. దీనర్థం ఏంటో తెలుసా?"

ఆమెకు తెలుసు. బద్ధకస్తులు బజారుకు వెళ్ళకుండా పోయిన నెల అంకెకు కాస్త కలిపి, ఇంట్లో కూర్చుని రాసేస్తారు. ఆఫీసులో అంతకంటే పెద్ద తప్పు లేదు. మరి పంచదారావిడ మాటేమిటని ఆమె మెల్లగా అడిగితే, ఆయన చెయ్యి అడ్డం ఊపాడు. ఆ కొట్టువాడు ఆవిణ్ణి మోసం చేయబోయి మన ఎదుట దొరికాడు, అంతేగా అన్నాడు.

ఆమె టీ గ్లాసు వంక చూస్తూ కూర్చుంది. మావయ్య పేరు చెబితే చాలు, తను బయటపడుతుంది. కాని సర్కారు ఆఫీసరుకు అబద్ధం చెప్పించినందుకు మావయ్యను ఏం చేస్తారో, చెప్పినందుకు నిదానాన్నీ కూరలక్కనూ ఏం చేస్తారో తెలియదు. చెప్పకపోతే తన పని అయినట్టే. వాళ్ళే తమ నోటితో నిజం చెప్పేలా చేయడం ఎలా? సందు చివరనుంచి చూస్తే బజారు కనిపిస్తోంది. నిదానం తన కొట్టు తలుపు సగం కిందికి లాగేశాడు. లోపల బస్తాలు బస్తాల్లాగే ఉన్నాయి. అది చూడగానే ఆమెకు బోర్డు మీది రెండో గీత గుర్తొచ్చింది, కిందినుంచి పైకి పాకేది. కొనేవాళ్ళు ఎంత కొంటారో అందరూ చూశారు. అమ్మేవాడు ఎంత అమ్ముతాడో ఎవరూ అడగలేదు.

"సార్, ఇక్కడ నేను మాట్లాడొచ్చా?"

"ఇది కొట్టు కాదుగా. మాట్లాడు."

"ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళి, ఆ ధరకే ఒక బస్తా పంచదార అడగండి సార్. కొననక్కర్లేదు. అడగండి చాలు."

పెద్దసారు గ్లాసు పక్కన పెట్టాడు. ఏం చదివావన్నాడు. చెప్పింది. ఆయన నిట్టూర్చాడు. "నేనూ అదే చదివి ఈ సంచీ పట్టుకున్నాను" అని లేచాడు.

నిదానం సగం తలుపు కిందినుంచి వాళ్ళ కాళ్ళు చూసి, సరుకు అయిపోయింది అన్నాడు. పెద్దసారు వంగి లోపలికి వెళ్ళి, ఆ ఉన్నదాంట్లోనే ఒక బస్తా కావాలి, ఆఫీసుకి, ఇందాక చెప్పిన ధరకే, రసీదు రాయి అన్నాడు. నిదానం త్రాసు వంక చూశాడు. బస్తా వంక చూశాడు. ఆమె వంక చూశాడు. ఆమె తలెత్తి, ఫ్యాను రెక్కలను ఎన్నడూ చూడనట్టు చూస్తోంది.

"తల్లీ, ఇంక నావల్ల కాదు" అన్నాడు నిదానం. తర్వాత పెద్దసారు వైపు తిరిగాడు. "కిలో రెండు కిలోలంటే పాప మొహం చూసి ఇచ్చాను సార్. బస్తా అంటే నా మొహం కూడా చూసుకోవాలి కదా."

అని అసలు ధర చెప్పాడు. అది ఆమె రాసిందే. నూనె, సబ్బు కూడా అంతే. పెద్దసారు మూడుచోట్లా పెన్నుతో చుక్క పెట్టి, ఇందాక ఎందుకు తగ్గించి చెప్పావని అడిగాడు. వాళ్ళ మావయ్య వచ్చాడనీ, ధర పెరిగిందని తెలిస్తే మీరు పాప మీద కోప్పడతారని చెప్పాడనీ నిదానం ఒప్పుకున్నాడు.

"ధర పెరిగితే ఆ అమ్మాయి మీద నేనెందుకు కోప్పడతానయ్యా?"

"పెంచేది ఆవిడే కదా సార్" అన్నాడు నిదానం, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

పెద్దసారుకు దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

కూరలక్క దగ్గర అడగనే అక్కర్లేకపోయింది. ఆవిడ మిగిలిన ఉల్లిపాయల మీద గోనె కప్పి, దానిమీద తనే కూర్చుని ఉంది. వాళ్ళను చూడగానే, బుట్టెడు అడగకండి సార్, నిజం చెప్పేస్తాను అంది. చెప్పుల కొట్టువాడు గుమ్మంలో తెగిన పట్టీల మధ్య కూలబడి, అడక్కుండానే అన్నీ చెప్పేసి, మళ్ళీ ఎప్పుడొస్తారు సార్, ఆ రోజు కొట్టు కట్టేస్తాను అన్నాడు.

ఆఫీసు మెట్ల దగ్గర పెద్దసారు ఆగాడు. ఆమె అంకెలన్నీ సరిపోయాయి, ఉద్యోగం ఖాయం అన్నాడు. ఆమె మెట్టెక్కబోయింది. కాని ఆయన ఇంకా కదల్లేదు.

"ఒక బజారు బజారే నీకోసం నష్టానికి అమ్మింది. ఇలాంటి చోట ధరలు రాయడానికి నువ్వు పనికిరావు. నిన్నెవరూ ఎరగని బజారు ఇస్తాను. ఆసుపత్రి వెనకాలది. అక్కడ నీకు ఒక్క చుట్టం కూడా ఉండకూడదు, అర్థమైందా?"

ఆమెకు బాగా అర్థమైంది. అప్పటికే ఆమె మనసులో ఒక మాట గట్టిగా అనుకుంది.

ఇంటికి వెళ్ళే దారిలో బకెట్ల కొట్టు వచ్చింది. ఉద్యోగం ఖాయమైంది కాబట్టి చుట్టాల కొట్టు గుమ్మం ఎక్కినా తప్పులేదనుకుని ఎక్కింది. కొట్టు బోసిగా ఉంది. దండలు గుచ్చినట్టు వేలాడే మగ్గులు లేవు, దొంతర్లు పెట్టిన బకెట్లు లేవు. జనం అటునుంచి ఇటు వచ్చి, బజారంతా పోయిన నెల ధరకే ఇస్తుంటే నీకేమొచ్చిందని మావయ్యను నిలదీశారట. అందరికీ చెప్పింది తనే కాబట్టి కాదనలేకపోయాడట. చివరికి తను కూర్చునే స్టూలు కూడా ఎవరో పట్టుకుపోయారు. మావయ్య నేలమీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన నోటివెంట మాట లేకపోవడం ఆమె రెండోసారి చూడటం.

ఆమె పక్కనే కూర్చుని, ఉద్యోగం ఖాయమైందని చెప్పింది.

మావయ్య మొహం వెలిగింది. చూశావా, నేను ఒక్క మాట వేసి ఉండకపోతే ఏమయ్యేదో అన్నాడు. ఆమె అవును మావయ్యా అంది. ఆయనకు చెప్పి ప్రయోజనం లేదని చిన్నప్పుడే తెలుసుకుంది. గల్లాపెట్టె సంగతి ఆయనా ఎత్తలేదు, అందులో ఆ రోజు దాచుకోవడానికి ఏమంత లేదు. బజారు మారుస్తున్నారని కూడా చెప్పింది. మావయ్య చటుక్కున నిటారుగా కూర్చున్నాడు.

"ఏ బజారే? చెప్పు. నాకు అన్ని బజార్లలోనూ మనుషులున్నారు. నువ్వు వెళ్ళే ముందు నేనొకసారి వెళ్ళి వస్తాను."

ఆరు నెలలపాటు ఒక్క అంకె కూడా తప్పు రాయని ఆ పిల్ల, మావయ్య కళ్ళలోకి సూటిగా చూస్తూ, రైల్వేస్టేషను పక్క బజారు మావయ్యా అంది.

ఇప్పుడామె ఆసుపత్రి వెనకాల బజారులో, ఎవరికీ ఏమీ కాని మనిషిగా, ఒక మూల నిలబడి హాయిగా ధరలు రాసుకుంటోంది. స్టేషను పక్క బజారులో మాత్రం ఆ మర్నాడు మధ్యాహ్నం దాకా అన్నీ పోయిన నెల ధరకే అమ్మారని, ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదని చెప్పుకుంటారు.